అమెరికా నుంచి తెచ్చిన గేమ్ బాక్స్ ఆన్ కావడం లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

ఖమ్మం నాన్న (ఆదివారం, మధ్యాహ్నం 2:10)
అందరికీ నమస్కారం. మా బావగారు అమెరికా నుంచి పూర్తిగా వచ్చేస్తూ, వాళ్ల పిల్లలు ఆడుకున్న గేమ్ బాక్స్ మా వాడికి ఇచ్చారు. పొద్దున 8 గంటల నుంచి దాంతోనే కుస్తీ పడుతున్నాను. అసలు ఆన్ కావడం లేదు. పిన్ మన సాకెట్‌లో పట్టకపోతే బజారుకెళ్లి కన్వర్టర్ కొన్నాను. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చాను, టీవీ మార్చాను, వంటింటి సాకెట్‌లో కూడా పెట్టి చూశాను. బావగారిని అడిగితే "మొన్నటి దాకా బాగానే నడిచింది కదా" అంటున్నారు. మా వాడు అన్నం కూడా సరిగ్గా తినకుండా నా పక్కనే కూర్చున్నాడు. ఏం చేయాలో త్వరగా చెప్పండి.

పాత కన్సోళ్లు
ఏ బాక్స్? మోడల్ ఏది?

ఎర్త్ పిట్
అండీ, ముందు మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో చూసుకోండి. ఇలాంటి ప్రశ్న ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట ఇదే. మన ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి, పైన లావు రంధ్రంలో మాత్రం చాలాచోట్ల వైరే ఉండదు. ఇల్లు కట్టేటప్పుడు గుంత తవ్వి, జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి వదిలేస్తారు. ఆ తర్వాత పదేళ్లయినా ఒక బిందెడు నీళ్లు పోసినవాళ్లు ఉండరు. టీవీ వెనక, కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెడితే సన్నగా తిమ్మిరిలా తగులుతుందే, అదంతా ఎర్త్ లేకపోవడం వల్లే. లోపల ఫిల్టర్ కెపాసిటర్ల గుండా ఆ ఇనుప డబ్బా మీదకు సగం వోల్టేజీ దాకా వచ్చి కూర్చుంటుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి మనిషికి ఏమీ కాదు, కానీ హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించే క్షణంలో పోర్టు పోవచ్చు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఒకటి పెట్టించుకోండి. పిల్లలున్న ఇల్లు.

ఖమ్మం నాన్న
ఎక్స్‌బాక్స్ అండీ. తెల్లది.

పాత కన్సోళ్లు
ఎక్స్‌బాక్సులు చాలా రకాలు. తెల్లదంటే 360 కావచ్చు, వన్ ఎస్ కావచ్చు, సిరీస్ ఎస్ కావచ్చు. వన్ ఎస్, సిరీస్ ఎస్ అయితే పవర్ సప్లై లోపలే ఉంటుంది, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, తాడు మారిస్తే చాలు. 360 అయితే తాడు మధ్యలో ఇటుకంత డబ్బా ఉంటుంది. దాని మీద స్టిక్కర్ ఉంటుంది. ఇన్‌పుట్ అన్నచోట ఏముందో చూసి ఇక్కడ రాయండి. ఈలోపు ప్లగ్ పీకేయండి. మళ్లీ పెట్టకండి.

ఖమ్మం నాన్న
ఇటుకంత డబ్బా ఉంది. దాని మీద ఇలా ఉంది: ఇన్‌పుట్ 100-127 వోల్టులు, 47-63 హెర్ట్జ్, 5 ఆంపియర్లు. అవుట్‌పుట్ 12 వోల్టులు 16.5 ఆంపియర్లు, ఇంకోటి 5 వోల్టులు 1 ఆంపియర్. 203 వాట్లు. ఇదేమైనా సమస్యా?

పాత కన్సోళ్లు
అదే సమస్య. 127 దాటకూడని డబ్బాకు 230 ఇచ్చారు.

ఖమ్మం నాన్న
కన్వర్టర్ పెట్టే ఇచ్చానండీ! దాని మీద 250 వోల్టులు అని కూడా రాసి ఉంది. షాపులో అడిగితే "ఇది పెడితే ఏ దేశం సామాను అయినా నడుస్తుంది" అన్నారు. పైగా రెండోసారి ఫ్రిజ్ స్టెబిలైజర్ తీసి దానికి పెట్టాను, కరెంటు ఎక్కువ రాకుండా.

వైండింగ్ షాపు
బాబూ, మీరు కొన్నది కన్వర్టర్ కాదు. పిన్ ఆకారం మార్చే ముక్క. లోపల మూడు ఇత్తడి రేకులు తప్ప ఏమీ ఉండవు. 250 అంటే "నేను 250 వోల్టుల దాకా తట్టుకుంటాను" అని ఆ ప్లాస్టిక్ ముక్క చెప్పుకోవడం. తగ్గిస్తానని కాదు. ఇక స్టెబిలైజర్ పని ఎక్కువ తక్కువలను సరిచేసి మన 230 దగ్గరకు తేవడం. అమెరికా డబ్బాకు ఆ 230 కూడా విషమే. స్టెబిలైజర్ మంచిదైన కొద్దీ సరిగ్గా 230 ఇస్తుంది, అంతే తేడా.

మీకు కావలసింది స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. 230 లోపలికి, 110 బయటికి. నేను 30 ఏళ్లుగా ఇవే చుడుతున్నాను. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి సామాను దిగిన వారంలోగా మా షాపుకు ఒకరు రావడం మామూలే.

బీటెక్ ఈఈఈ
చిన్న సవరణ. కరెంటు ఎక్కువ కావడం కాదు, వోల్టేజీ ఎక్కువ కావడం. రెండూ వేరు. అందరూ కలిపేస్తున్నారు.

వైండింగ్ షాపు
ఇంట్లో అందరూ "కరెంటు పోయింది" అనే అంటారు, "వోల్టేజీ పోయింది" అనరు. ఆయనకు అర్థమైతే చాలు.

బీటెక్ ఈఈఈ
అర్థం కాకే కదా కాలింది. షాపులో "కన్వర్టర్" అనే మాట ఒక్కటి సరిగ్గా వాడి ఉంటే ఈయన ఆదివారం ఇలా గడిచేది కాదు. పిన్ మార్చేదాన్ని ప్లగ్ అడాప్టర్ అనాలి. ఏసీ వోల్టేజీని తగ్గించేది ట్రాన్స్‌ఫార్మర్. ఏసీని డీసీ చేసేదాన్ని కూడా జనం అడాప్టర్ అంటారు, ఛార్జర్ అని కూడా అంటారు. ఒకే మాటకు మూడు వస్తువులు. మాట సరిగ్గా లేకపోతే వస్తువు సరిగ్గా రాదు.

ఏం జరిగి ఉంటుందో చెప్తాను. ఆ డబ్బాలో మొదటి పని, వచ్చిన ఏసీని డీసీ చేసి పెద్ద కెపాసిటర్‌లో నింపడం. 120 వోల్టుల ఏసీకి శిఖరం, అంటే ఒక్కో అలలో చేరే గరిష్ఠం, 170 వోల్టులు. కాబట్టి అలాంటి సప్లైల్లో 200 వోల్టుల కెపాసిటర్ పెడితే సరిపోతుంది. మన 230కి శిఖరం 325, ఆ కెపాసిటర్ దాన్ని తట్టుకోలేదు. ఆ ముందే వేరిస్టర్ అనే చిన్న బిళ్ల ఉంటే అది షార్ట్ అయి ఫ్యూజును కొట్టేస్తుంది. అందుకే "టప్" మని చిన్న చప్పుడు వస్తుంది. వచ్చిందా?

ఖమ్మం నాన్న
వచ్చింది. మొదటిసారి పెట్టినప్పుడు. సాకెట్ లూజుగా ఉందేమో అనుకున్నాను. ఇది ముందే చెప్పాల్సిందా? కాలిన వాసన కూడా కొంచెం వచ్చింది.

పాత కన్సోళ్లు
డబ్బా మీద చిన్న లైట్ ఉంటుంది. పెట్టెకు తగిలించి ఉంచితే ఆఫ్‌లో నారింజ రంగు, ఆన్ చేస్తే పచ్చ, తేడా వస్తే ఎరుపు. ఏ రంగు?

ఖమ్మం నాన్న
ఏ రంగూ లేదు. పొద్దున్నుంచీ లేదు.

పాత కన్సోళ్లు
డబ్బా పోయింది. పెట్టె బతికే ఉండొచ్చు.

ఇర్వింగ్ అక్క
తమ్ముడూ, మీ బాధ నాకు తెలుసు. నేను ఇక్కడ అమెరికా నుంచి నెల్లూరు వెళ్లినప్పుడు అమ్మ కోసం రైస్ కుక్కర్ తీసుకెళ్లాను. "1600 వాట్లు" అని రాసి ఉన్న అరచేతిలో పట్టేంత ట్రావెల్ కన్వర్టర్ కూడా కొన్నాను. మామూలు బటన్ కుక్కర్ కాబట్టి నడిచింది. ఆ ధైర్యంతో మరుసటి ఏడాది డిజిటల్ కుక్కర్ పెట్టాను, ఒక్క పూటలో పోయింది. ఆ చిన్న కన్వర్టర్లు వేడెక్కే కాయిల్ ఉన్నవాటికే. అవి కరెంటును ముక్కలు ముక్కలుగా కోసి ఇస్తాయి, లోపల చిప్పులున్న వస్తువులకు అది పడదు. దయచేసి ఎవరూ మీకు అది అంటగట్టకుండా చూసుకోండి, తేలిగ్గా ఉంది కదా అని ఆశ పుడుతుంది.

అటు నుంచి ఇటు కూడా ఇదే కథ. ఇండియా మిక్సీ తెచ్చుకుని ఇక్కడ పెడితే నీరసంగా తిరుగుతుంది, అల్లం కూడా నలగదు. అందుకే ఇక్కడివాళ్లు 110 వోల్టుల మిక్సీ ఏరి కొనుక్కుంటారు.

కొత్త సభ్యుడు 99
అమెరికా 60 హెర్ట్జ్, మనది 50 కదా. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా హెర్ట్జ్ మారదు. గేమ్ నెమ్మదిగా నడుస్తుందని విన్నాను.

పాత కన్సోళ్లు
నడవదు. మీరు విన్నది వేరే విషయం. పాత రోజుల్లో పాల్ టీవీ (యూరప్ వైపు వాడిన టీవీ పద్ధతి) సెకనుకు 50 సార్లు బొమ్మ గీసేది, అమెరికా, జపాన్ టీవీలు 60 సార్లు. 60కి రాసిన ఆటను సరిచేయకుండా 50కి వదిలితే ఆరో వంతు వేగం తగ్గేది, పాట కూడా సాగేది. యూరప్‌లో ఆ ఆటలు అలాగే ఆడి పెరిగినవాళ్లున్నారు. అది టీవీ సిగ్నల్ సంగతి, గోడలో కరెంటుకు సంబంధం లేదు. పెట్టె లోపలికి వెళ్లేది 12 వోల్టుల డీసీ. అందులో హెర్ట్జ్ ఎక్కడిది?

జపాన్ ఒక్క దేశంలోనే టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60. మొదట్లో ఒకరు జర్మనీ నుంచి, ఇంకొకరు అమెరికా నుంచి జనరేటర్లు తెప్పించుకున్నారు, ఇప్పటికీ అలాగే ఉంది. రెండు చోట్లా అవే గేమ్ బాక్సులు అమ్మారు.

వైండింగ్ షాపు
డీసీ సామానుకు పర్వాలేదు. కానీ 60కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద పెడితే కోర్ వేడెక్కుతుంది. అమెరికాలో కొన్న ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి ఇక్కడ వాడేవాళ్లు అది చూసుకోవాలి. ఇక్కడ చుట్టించుకుంటే ఆ గొడవ లేదు.

మీ డబ్బాకు 500 వీఏ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే సామర్థ్యం) ట్రాన్స్‌ఫార్మర్ చాలు. అసలు రాగి తీగతో చుట్టినది తీసుకోండి. అల్యూమినియం చుట్టి రాగి ధరకు అమ్మేవాళ్లున్నారు. చేత్తో ఎత్తి చూడండి, బరువు లేకపోతే వదిలేయండి.

బీటెక్ ఈఈఈ
203 వాట్లకు 500 ఎందుకు? 300 సరిపోతుంది.

వైండింగ్ షాపు
203 అనేది బయటికి వచ్చేది. లోపలికి అంతకంటే ఎక్కువ లాగుతుంది. స్టిక్కర్ మీద 5 ఆంపియర్లు అని ఉంది కదా, 100 వోల్టులతో గుణించండి, 500.

బీటెక్ ఈఈఈ
అది గరిష్ఠం. ఆడేటప్పుడు గోడ దగ్గర ఈ పాత 360లు సుమారు 180 వాట్లు తీసుకుంటాయి. పవర్ ఫ్యాక్టర్ (వీఏలో నిజంగా వాట్లయ్యే వంతు) కలిపినా 300 వీఏ దాటదు. అసలు వాట్, వీఏ ఒకటి కావు...

వైండింగ్ షాపు
తెలుసు. కానీ అంచు మీద కొన్న ట్రాన్స్‌ఫార్మర్లు మే నెలలో మా షాపుకే తిరిగొస్తాయి. పిల్లవాడు నాలుగు గంటలు ఆడతాడు. నేను 500 అనే చెప్తాను.

ఎర్త్ పిట్
ఇద్దరూ ఒక సంగతి మరిచారు. షాపుల్లో దొరికే చవక స్టెప్ డౌన్లు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. ఒకే చుట్ట, మధ్యలో నుంచి తీగ లాగుతారు. తెగిందంటే 230 నేరుగా అటువైపు వెళ్లిపోవచ్చు. రెండు చుట్టలు వేరుగా ఉన్నదే అడగండి. అందులోనూ ఎర్త్ వైరు అటు నుంచి ఇటు కలిపి ఉండాలి.

వైండింగ్ షాపు
ఇది మాత్రం నిజం. డబుల్ వైండింగ్ అని అడగండి.

పాత కన్సోళ్లు
ట్రాన్స్‌ఫార్మర్ కొని ఏం చేస్తారు? డబ్బా చచ్చిపోయింది కదా. 110 డబ్బా మళ్లీ కొని, దానికి ఐదు కిలోల ట్రాన్స్‌ఫార్మర్ కొని, టీవీ కింద పెట్టుకోవాలా?

360 మన దేశంలో 2006 నుంచి అమ్మారు. వాటితో వచ్చిన డబ్బాలు 220-240వి. వెళ్లి అది కొనండి. ఈ చివర గోడకు, ఆ చివర పెట్టెకు, అంతే. అవుట్‌పుట్ అన్ని దేశాల్లోనూ అదే 12 వోల్టులు. ఒక్కటే జాగ్రత్త: 203 వాట్ల డబ్బా లావు 360లు అన్నిటికీ పడుతుంది, 175ది మీ దానికి దూరదు, దూర్చాలని చూడకండి. సన్న మోడల్ (ఎస్) డబ్బా ప్లగ్ పూర్తిగా వేరు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, పాత గేమ్ సామాను అమ్మేవాళ్ల దగ్గరో అడగండి. కొనేముందు అక్కడే మీ పెట్టెకు తగిలించి ఆన్ చేయమనండి.

203 డబ్బా, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్నాయంటే మీది 2007 ప్రాంతానిది. ఆ కాలం వాటికి మూడు ఎర్ర లైట్ల జబ్బు ఉంది. డబ్బా మార్చాక ముందు గుండ్రంలో మూడు ఎర్రవి వెలిగితే బోర్డు పోయినట్టు. అప్పుడు ఇంకా డబ్బు పెట్టకండి.

కాలిన డబ్బా మాత్రం విప్పకండి. కెపాసిటర్‌లో చార్జ్ ఉండిపోతుంది.

హనుమకొండ 2005
ఇదే చోట అడుగుతున్నా, క్షమించండి. మా దగ్గర అమెరికా నింటెండో వీ ఉంది. అడాప్టర్ మీద 120 వోల్టులు 60 హెర్ట్జ్, అవుట్‌పుట్ 12 వోల్టులు 3.7 ఆంపియర్లు. నింటెండో స్విచ్ అనే గేమ్ బాక్స్ కూడా ఉంది.

పాత కన్సోళ్లు
వీ: నేరుగా పెట్టొద్దు, 230 అడాప్టర్ కొనండి. స్విచ్: 100-240, పిన్ ముక్క చాలు. ప్లేస్టేషన్ 5 కూడా అంతే.

ఇర్వింగ్ అక్క
తమ్ముడూ, డిస్కులు కూడా బావగారి దగ్గరే అడిగి తీసుకో. అమెరికా పెట్టెలో ఇండియాలో కొన్న డిస్కులు చాలా ఆడకపోవచ్చు, ప్రాంతం తాళం ఉంటుంది. 360 ఆన్‌లైన్ దుకాణం 2024 జూలైలోనే మూసేశారు, కొత్తగా కొనడం కుదరదు. వాళ్ల పిల్లలు ముందే కొన్న ఆటలుంటే ఆ ఖాతాతో దింపుకోవచ్చు. బాబు మొహం చూసి నువ్వు డబ్బా కొన్నాక మళ్లీ ఇక్కడ ఆగిపోకూడదని చెప్తున్నాను.

బీటెక్ ఈఈఈ
వీఏ సంగతి ఇంకా తేలలేదు. 180 వాట్లను 0.65 పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే 277. కాబట్టి 300.

వైండింగ్ షాపు
కాగితం మీద సరే బాబూ.

ఖమ్మం నాన్న (తర్వాతి మంగళవారం, రాత్రి 9:40)
కోఠిలో రెండో షాపులో దొరికింది, 203 వాట్లది, 220-240. అక్కడే పెట్టి చూపించారు. నారింజ, తర్వాత పచ్చ. ఎర్ర లైట్లు రాలేదు. బావగారు కార్ల ఆట డిస్కు ఒకటి పంపారు, వాడు ఆడుతున్నాడు. అందరికీ థ్యాంక్స్.

ఎర్త్ పిట్
సంతోషం అండీ. ఎర్తింగ్ చూపించారా?