రోమెరో ఫొటో గుడిలో పెట్టొచ్చా?

కందుకూరు కుర్రోడు: మార్చి 24న మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశంలో శాన్ సాల్వడార్ అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్‌గా) ఉన్న ఆస్కార్ రోమెరో పండుగ. 1980లో ఆ రోజే పూజ చేస్తుండగా ఆయన్ను కాల్చి చంపారు. మా గుడిలో ఆయన ఫొటో పెడదామంటే “రాజకీయం చేసిన బిషప్ మనకెందుకు?” అన్నారు పెద్దలు. మీరేమంటారు?

ఒంగోలు మాస్టారు: పెద్దలన్నది సబబే. బిషప్ గారు మందనంతా కాయాలి. ఒక పక్షం చేరితే రెండో పక్షం గుడి మానేస్తుంది. మా విచారణలో (పారిష్‌లో) ఒక ఫాదర్ గారు ప్రసంగంలో కూలి రేట్లు ఎత్తారు. రైతులు సగంమంది పూజకు రావడం ఆపేశారు. వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి బతిమాలింది నేను. నాలుగేళ్లు పట్టింది.

నెల్లూరు విజయ: ఆయన పక్షం వెతుక్కుంటూ పోలేదు మాస్టారూ. 1977 ఫిబ్రవరిలో పీఠం ఎక్కినప్పుడు, నెమ్మదస్తుడని భూస్వాములే సంతోషపడ్డారు. మూడు వారాలు తిరక్కముందే ఆయన స్నేహితుడు ఫాదర్ రుతీలియో గ్రాండేని, వెంట ఉన్న ముసలాయన్ని, పిల్లాణ్ని దారిలో కాల్చేశారు. గ్రాండే గారు కూలీల తరఫున మాట్లాడేవారు. ఆ తర్వాత ఈయన ఆదివారం ప్రసంగాల్లో చనిపోయినవాళ్ల పేర్లు, మాయమైనవాళ్ల పేర్లు చదివేవారు. రేడియోలో దేశమంతా వినేది. పేర్లు చదవడం రాజకీయమా?

ఒంగోలు మాస్టారు: పేర్లు సరే. చనిపోయే ముందురోజు సైనికులకు ఏం చెప్పారు? పైవాళ్ల ఆజ్ఞ వినొద్దన్నారు. దానికి జవాబు చెప్పండి.

నెల్లూరు విజయ: చంపమనే ఆజ్ఞ వినొద్దన్నారు. “నరహత్య చేయరాదు” మనం జ్ఞానోపదేశంలో నేర్చుకున్న ఐదో ఆజ్ఞే కదా.

కావలి: 2018లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. ఇంకా వాదనేంటి?

ఒంగోలు మాస్టారు: పునీతుడు కాదని నేననలేదు. సైన్యానికి ఎదురు చెప్పమనడం బిషప్ పనేనా, అదీ నేనడిగేది.

నెల్లూరు విజయ: మీకు సైన్యం మీద బెంగ లేదు మాస్టారూ, రైతులు గుడి మానేస్తారనే టెన్షన్. మా నాన్న చనిపోతే సమాధుల తోటలో గోడ అవతల గుంత తీయించారు. మా పేట వాళ్లందరికీ అక్కడేనట. పూజలో పక్కన కూర్చున్నవాళ్లే ఆ మాటన్నారు. ఫాదర్ గారిని అడిగితే “గొడవలొద్దమ్మా” అన్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులమైతే ఎస్సీలం కాము. ఈ రాష్ట్రంలో బీసీ-సీ కింద మాకు ఒక్క శాతం రిజర్వేషన్. ప్రభుత్వానికి మేం మాలమాదిగలం కాము, సమాధుల తోటలో మాత్రం అవుతాం. ఇది చెప్పే నోరు కావాలి మాకు.

ఒంగోలు మాస్టారు: ఈ మాట ముందే చెప్పాల్సిందమ్మా. ఆ గోడ తప్పే. కానీ కూలగొడితే విచారణ చీలుతుందని నా భయం.

నెల్లూరు విజయ: చీలే ఉంది కదా మాస్టారూ, మధ్యలో గోడతో.

కందుకూరు కుర్రోడు: ఆ గోడ ఇంకా ఉందా అక్కా?

నెల్లూరు విజయ: ఉంది తమ్ముడూ. మొన్న ఆత్మల పండుగకి కూడా కొవ్వొత్తులు పట్టుకుని వెనక గేటులోంచే పోయాం.