ఇంజిన్ వేగం పెరిగితే స్పీకర్లలో కూత: యాంప్లిఫయర్ బిగింపులో లోపం ఎక్కడ?

ప్రశ్న (వడపళని, చెన్నై):
గత వారం జనరల్ ప్యాటర్స్ రోడ్డులోని ఒక దుకాణంలో నా కారుకు నాలుగు ఛానళ్ల యాంప్లిఫయర్ పెట్టించుకున్నాను. ఇంజిన్ ఆపి వింటే పాట శుభ్రంగానే ఉంటుంది కానీ, స్టార్ట్ చేయగానే సన్నని కూత మొదలై, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ దాని శ్రుతి పెరుగుతోంది. దుకాణం వాళ్లేమో స్టీరియోనే మార్చమంటున్నారు. అది నిజంగా అవసరమా?

జవాబు 1:
ఇంకొక్క రూపాయి కూడా పెట్టకండి. ఇంజిన్ వేగంతోపాటు మారే కూత, ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌ది. దానికి దారి ఇచ్చేది చాలాసార్లు సరిగా బిగించని ఎర్త్ వైరే (యాంప్లిఫయర్‌ను కారు బాడీ రేకుకు కలిపేది). ఆ నల్ల వైరును సీటు బోల్టు కింద పెయింటు మీదే బిగించి ఉంటే, బ్యాటరీ నెగటివ్ విప్పి, మెరిసే రేకు కనబడేదాకా పెయింటు గీకి, రింగు టెర్మినల్‌తో గట్టిగా బిగించండి. వైరు పొడవు అరమీటరు మించకూడదు.

జవాబు 2:
అంతకుముందు ఒక పరీక్ష చేయండి. యాంప్లిఫయర్ ఆపి, స్టీరియో నుంచి దానికి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లు ఊడదీసి, మళ్లీ ఆన్ చేసినప్పుడు కూత ఆగితే అది ఆ వైర్ల గుండానే వస్తోందన్నమాట. అలా రాకుండా ఉండాలంటే బ్యాటరీ వైరు కారుకు ఒక పక్కన, ఆర్‌సీఏ మరో పక్కన వెళ్లాలి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందో లేదో కూడా చూడండి. అది శబ్దం కోసం కాదు, వైరు ఒరుసుకుని షార్టయితే కారు అంటుకోకుండా ఉండటానికి.

ప్రశ్న వేసినవారు:
ఆర్‌సీఏ ఊడదీయగానే కూత ఆగింది. కార్పెట్ ఎత్తితే రెండు వైర్లనూ కలిపి ఒకే టేపుతో చుట్టి ఉన్నారు. ఎర్త్ రింగు కింద పెయింటు చెక్కుచెదరలేదు. గీకి బిగించాక కూత చాలావరకు తగ్గింది. వైర్లు విడదీసే పని ఆదివారం.