ఏడో నెల, ఊరికే ఏడుపొస్తోంది. ఇది మామూలేనా?

మాది సోంపేట దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన గుజరాత్‌లోని వీరావల్‌లో చేపల బోటు మీద ఉన్నాడు. వేటకెళ్తే రోజుల తరబడి ఫోను కలవదు. కిందటేడు మూడో నెలలో గర్భం పోయింది. అందుకే ఇప్పుడు బిడ్డ కాసేపు కదలకపోతే చాలు, చేతులు చల్లబడిపోతున్నాయి. రాత్రి రెండింటికి మెలకువొస్తే ఇక నిద్ర లేదు. చేపల పులుసంటే ప్రాణం పెట్టేదాన్ని, ఇప్పుడు కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాను. నెల నుంచి ఇంతే. "కడుపుతో ఉండి ఏడవకూడదు, బిడ్డకు తగుల్తాది" అంది అత్త. అప్పట్నుంచి పెరట్లో ఏడుస్తున్నాను. నా ఏడుపు బిడ్డకు తగుల్తుందా?

జవాబు 1 (విజయనగరం)

చెల్లీ, నేనూ పెరట్లో ఏడ్చినదాన్నే. మొదట ఆడపిల్ల. రెండోసారి "ఈసారైనా..." అన్న మాట పొద్దున లేస్తే వినేదాన్ని. రక్తం 8.5 ఉందని, నీరసం అందుకేనని అన్నారు. ఐరన్ మాత్రలతో రక్తం పెరిగింది, మనసు మాత్రం లేవలేదు. చివరికి ఒక డాక్టరమ్మ, గత ఏడు రోజులు ఎలా గడిచాయని పది ప్రశ్నలు అడిగారు. చచ్చిపోవాలనిపించిందా అని కూడా. అప్పటిదాకా నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. అక్కడే భోరున ఏడ్చేశాను. మా ఆయన్ని లోపలికి పిలిచి "ఇది జబ్బు, పొగరు కాదు" అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో సగం గొడవ తగ్గింది.

జవాబు 2 (ఏఎన్‌ఎం, శ్రీకాకుళం జిల్లా)

అమ్మా, ఏడిస్తే బిడ్డకు తగలదు. తిండి, నిద్ర లేక, చెకప్‌లు మానేస్తేనే ఇబ్బంది. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. ముందు గర్భం పోవడం, భర్త దగ్గర లేకపోవడం, అప్పులు, ఇంట్లో కొట్టడం, ఇంతకుముందు ఈ జబ్బు వచ్చి ఉండటం, వీటితో ఇది ఎక్కువగా వస్తుంది. ప్రపంచంలో వంద మంది గర్భిణుల్లో సుమారు పదిమందికి మానసిక సమస్య ఉంటుందని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. నీ తప్పేమీ లేదు. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణులను డాక్టరు చూస్తారు, ఆశాను తోడు తీసుకెళ్లు. రాత్రి తట్టుకోలేకపోతే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకి ఫోన్ చెయ్యి, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చావు ఆలోచన వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లు.

అడిగినావిడ

రాత్రి ఆ నంబరుకి చేశాను. అరగంట మాట్లాడారు. ఇది పొద్దున్నే అత్తకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. 9న తనూ వస్తానంది.