భేట్నోయ్ కృష్ణజింకలు: ఎఫ్11 పెట్టినా వెనక గుంపు మెత్తగా వస్తోంది, ఏం చెయ్యాలి?

బరంపురంవాడ్ని
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మన ఒడిశా గంజాం జిల్లాలో ఆస్కా మీంచి బుగుడ వైపు వెళ్ళి భేట్నోయ్ పొలాల్లో కృష్ణజింకలు తీసాను. క్రాప్ (చిన్న) సెన్సర్ కెనాన్, 55-250 లెన్స్, ట్రైపాడ్ లేదు. మగది ముందు నించుంది, వీపంతా నలుపు, కొమ్ములు మెలికలు తిరిగి ఎంత బాగుందో, దాని వెనక ఒక పదిహేను ఆడజింకలు. అన్నీ షార్ప్‌గా రావాలని మాన్యువల్లో ఎఫ్11 (ఎపర్చర్, అంటే లెన్స్ కన్నం, అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది), షట్టర్ 1/200 సెకను, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100 పెట్టాను, జూమ్ 250 దగ్గరే. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే మగది కూడా సరిగ్గా లేదు, వెనక గుంపైతే ముద్దగా ఉంది. ఎఫ్16కి వెళ్ళాలా? లెన్స్ పాడైందా? ఇంకోటి, నేను జేపెగ్‌లోనే తీస్తున్నాను, రా (కెమెరా సవరించని అసలు ఫైలు) తియ్యకపోతే నష్టమా?

వంశధార_గట్టు
ఎఫ్16 జోలికి పోకు తమ్ముడూ. నేను డుడుమా జలపాతం దగ్గర ఎఫ్22 పెట్టి తీసాను, నీళ్ళు పాలలా రావాలని. నీళ్ళు వచ్చాయి గాని రాతి మీద నాచు, తడి గీతలు, అన్నీ మెత్తబడిపోయాయి, ట్రైపాడ్ మీద పెట్టి తీసినా సరే. ఎపర్చర్ కన్నం మరీ చిన్నదైపోతే వెలుగు అంచుల దగ్గర చెదిరిపోతాది, డిఫ్రాక్షన్ అంటారు గదా, అది. మన క్రాప్ సెన్సర్లకి ఎఫ్11 దాటితే కనబడిపోతాది. తర్వాత వెలుగు తగ్గించే నల్లద్దం, ఎన్డీ ఫిల్టర్, కొనుక్కుని ఎఫ్8లో తీసాను, నాచు పోగులు లెక్కపెట్టొచ్చు. ఆ మొదటి రోజు ఫోటోలు మాత్రం మళ్ళీ రావు, అంత నీరు మళ్ళీ నాకు దొరకలేదు.

ఫోన్‌తోనే_తీస్తా
నేనూ జనవరిలోనే వెళ్ళాను, ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్లో తీస్తే వెనకంతా బ్లర్ చేసి దాంతోపాటు ఒక కొమ్ము చివర కూడా తినీసింది. జింక కొమ్ము సగంలో విరిగినట్టుంది. ఇంట్లో అందరూ దెబ్బ తగిలిందా అని అడిగారు. అది డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా షార్ప్‌గా ఉంటుందో అది) కాదు, సాఫ్ట్‌వేర్ కత్తిరింపు.

కొరాపుట్_లెక్కలమాస్టారు
లెక్క వేసి చూడండి బాబూ. 250 మిల్లీమీటర్లు, ఎఫ్11, జింక 40 మీటర్ల దూరంలో ఉందనుకుంటే సుమారు 35 నుంచి 46 మీటర్ల దాకానే షార్ప్‌గా ఉంటుంది. ఎఫ్16 పెడితే 33 నుంచి 50. మీ గుంపు 65 మీటర్ల దగ్గరుంటే ఏ ఎపర్చరూ కాపాడదు. అదే మన దేవమాలి కొండ మీద 18 మిల్లీమీటర్లు, ఎఫ్8 పెట్టి 2 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే మీటరు దూరంలో పువ్వు నుంచి అవతలి కొండల దాకా అంతా వస్తుంది, దాన్నే హైపర్‌ఫోకల్ అంటారు. జూమ్ పెరిగేకొద్దీ డెప్త్ ఎంత దారుణంగా పడిపోతుందో జనం నమ్మరు. ఎపర్చర్ తిప్పడం కంటే మీరు పక్కకి నడవండి. మగది, ఆడవి మీకు ఒకే దూరంలో పడే చోటు వెతుక్కోండి.

స్టూడియో_పాతకాపు
పర్లాకిమిడిలో 1988 నుంచి స్టూడియో నడిపాను. రీలుకి 36 ఫోటోలు, తప్పు తీస్తే డబ్బులు పోయేవి. అప్పటి లెన్సుల మీద ఎఫ్8కి, ఎఫ్11కి గీతలు చెక్కి ఉండేవి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా షార్పో చూసుకుని నొక్కేవాళ్ళం. ఇప్పటి కిట్ లెన్సుల మీద దూరం అంకెలే లేవు. పైగా ఆటో ఐఎస్ఓ పెట్టుకుని "నేను మాన్యువల్" అని చెప్పుకోవడం ఒకటి. అది పిల్లల ఆట.

కొంగలపిచ్చి
గురువుగారూ, పిల్లల ఆట అన్నారు గనక చెబుతున్నాను. నేను మాన్యువల్లోనే 1/1600, ఎఫ్6.3 పెట్టుకుని ఐఎస్ఓ ఒక్కటే కెమెరాకి వదిలేస్తాను. గుణుపురం దగ్గర ఏటి ఒడ్డున కొంగ నీడలోంచి లేచి ఎండలోకి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది? మీరు డయల్ తిప్పేలోపు అది అవతలి గట్టు చేరుతుంది. షట్టరు నాది, డెప్త్ నాది, ఇంకేం కావాలి మాన్యువల్ అనడానికి?

స్టూడియో_పాతకాపు
కోప్పడకమ్మా, ఒకటి చెప్పు. చీకటిగా ఉన్న తుమ్మచెట్ల ముందు తెల్లకొంగ ఎగిరితే నీ కెమెరా దేన్ని చూస్తాది? చెట్లని. ఐఎస్ఓ పెంచీస్తాది. కొంగ రెక్క మీద ఈకల గీతలు పోయి సున్నం కొట్టినట్టు వస్తాది. అవునా కాదా?

కొంగలపిచ్చి
అందుకే మైనస్ 1 కాంపెన్సేషన్ పెడతాం, అంటే కెమెరా లెక్క కంటే సగం వెలుగుతో తియ్యమని.

స్టూడియో_పాతకాపు
సరే, అదే కొంగ చెట్లు దాటి ఆకాశంలోకి వచ్చింది. నీ మైనస్ 1 అలాగే ఉంది, ఇప్పుడు కొంగ బూడిద రంగు. ఎండ మారలేదు, కొంగ మారలేదు, వెనక సీను మారింది అంతే. ఎండలో ఉన్న తెల్లకొంగకి ఒక్కటే ఎక్స్‌పోజర్. ఒకసారి చూసి పెట్టీసి, మళ్ళీ ముట్టుకోకూడదు. నలభై ఏళ్ళ అనుభవం మీద చెబుతున్నాను.

కొంగలపిచ్చి
ఆకాశం విషయంలో మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను, నావి అలా చాలా పోయాయి. కానీ నేను వెళ్ళేది జులై, ఆగస్టుల్లో. మబ్బులు ఆడుతుంటే నిమిషానికోసారి వెలుతురు మారుతుంది, మీరు ఒకసారి పెట్టిన ఎక్స్‌పోజర్ ఏ మూలకి? అనుభవం గొప్పదే, దాంతో ఎదుటివాళ్ళు చేసేదాన్ని ఆట అనక్కర్లేదు.

వంశధార_గట్టు
ఇద్దరూ ఆగండి, పాపం అతను అడిగింది జింకల గురించి.

మాది_గంజాం
నేను వేరే సంగతి అడుగుతాను. బరంపురంవాడ్ని గారూ, చేలోకి దిగారా లేదా? ఆ ఊళ్ళవాళ్ళు ఆ జింకలు తమ పంట తింటున్నా తరిమికొట్టరు, అవి తిరిగితే ఊరికి మంచిదని నమ్మకం, తరాలుగా కాపాడుతున్నారు. మనవాళ్ళు లెన్సు అందట్లేదని పెసరచేలో అడ్డంగా నడుస్తారు. పోయినేడాది నా కళ్ళముందే ఒక ఫోటోగ్రాఫర్ మొక్కలు తొక్కుకుంటూ పోయి పడుకుని తీసాడు. రైతు వచ్చి ఏమీ తిట్టలేదు, వంగిపోయిన మొక్కలు ఒక్కొక్కటే లేపి నిలబెడుతున్నాడు. నాకు తలెత్తుకోవాలనిపించలేదు.

బరంపురంవాడ్ని
లేదండీ, రోడ్డు దిగలేదు. అందుకే అంత దూరం. రా గురించి ఎవరూ చెప్పలేదు.

ఫోన్‌తోనే_తీస్తా
కృష్ణజింక ఆంధ్రా రాష్ట్ర జంతువు కూడా గదా, అక్కడివాళ్ళు కూడా మన గంజాం వచ్చి చూడొచ్చు.

స్టూడియో_పాతకాపు
బాబూ, మీ సెట్టింగ్సు ఇప్పుడు సరిగ్గా చదివాను. సన్నీ 16 అనే పాత ఎక్స్‌పోజర్ లెక్క ప్రకారం నిండు ఎండలో ఎఫ్16కి 1/100, ఐఎస్ఓ 100. అంటే ఎఫ్11కి 1/200. మీరు పెట్టింది అచ్చంగా అదే. మీరు తీసినప్పుడు ఎండ బాగా పైకొచ్చుండాలి. ఎన్నింటికి తీసారు?

బరంపురంవాడ్ని
పదిన్నర నుంచి పదకొండున్నర.

వంశధార_గట్టు
అయితే చిక్కంతా ఎపర్చర్‌ది కాదు. ఆ టైముకి నేల వేడెక్కి చేను మీద గాలి ఆడుతుంటాది, ఎండమావి లాంటిదే, జనవరైనా సరే. వరసగా తీసిన నాలుగు ఫ్రేములు పక్కపక్కన పెట్టి మగదాని కొమ్ము అంచు చూడు. ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వంకరపోతే అది గాలి. అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది, 250 జూమ్‌కి 1/200 చాలా తక్కువ. జింక మెత్తగా ఉండి దాని ముందు గడ్డి పరకలు షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పు.

బరంపురంవాడ్ని
ఇప్పుడే చూసాను. కొమ్ము మెలికలు ఒక ఫ్రేములో దగ్గరగా, ఇంకో ఫ్రేములో సాగి, నీళ్ళలో చూసినట్టున్నాయి. కొన్నిట్లో చెయ్యి కదిలింది కూడా. ఐఎస్ఓ పెంచితే గ్రెయిన్ వస్తుందని భయపడి 100 దగ్గరే కట్టేసాను.

కొంగలపిచ్చి
ఆ భయం వదిలెయ్యి అన్నా. గ్రెయిన్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నుని ఎవ్వరూ బాగుచెయ్యలేరు. నేను నీటికాకులకి 1600 కూడా పెడతాను. రా అడిగావు గదా, తియ్యి, ముఖ్యంగా నల్ల వీపు, తెల్ల పొట్ట ఒకే జంతువులో ఉన్నప్పుడు. జేపెగ్‌లో ఏదో ఒకటి పోతుంది.

గోదారి_నుంచి_వచ్చా
మహేంద్రగిరి మీద పొద్దున్నే మంచులో తీస్తే అంతా బూడిదలా వస్తోంది, దీనికేం పెట్టాలి?

స్టూడియో_పాతకాపు
మంచు తెలుపు, కెమెరా దాన్ని బూడిద చేస్తాది. ప్లస్ 1 పెట్టండి, లేదా మాన్యువల్లో షట్టర్ సగం స్పీడుకి దించండి. కారు ఏసీలోంచి కెమెరా తీసీ తియ్యగానే మాత్రం నొక్కకండి, ముందు అద్దం మీద ఆవిరి పోవాలి, గుడ్డతో తుడవొద్దు.

బరంపురంవాడ్ని
ఈ ఆదివారం చీకటితోనే బయల్దేరి ఆరుంపావుకి అక్కడున్నాను. 6:50కి ఎఫ్5.6, 1/640, ఐఎస్ఓ 800, రా. మాస్టారు చెప్పినట్టు రోడ్డు మీదే ఓ రెండొందల అడుగులు పక్కకి నడిచేసరికి మగది, నాలుగు ఆడవి ఒకే వరసలో పడ్డాయి. మగదాని కన్ను చుట్టూ తెల్ల వలయం, దాని కింద మంచుకి తడిసి అతుక్కున్న వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయి. మిగతా గుంపు వెనక మెత్తగానే ఉంది, ఇప్పుడది అలా ఉంటేనే నచ్చింది.

స్టూడియో_పాతకాపు
ఐఎస్ఓ నువ్వే పెట్టావా, కెమెరా పెట్టిందా?

బరంపురంవాడ్ని
నేనే పెట్టానండీ.

కొంగలపిచ్చి
మబ్బు లేదు గదా మరి.