అమెరికా ‘గ్రేట్ అవేకనింగ్’ నిజంగా జరిగిందా, చరిత్రకారులు పెట్టిన పేరేనా?

లైబ్రరీపురుగు:
ఇక్కడ యూనివర్సిటీలో అమెరికా మత చరిత్ర ఎలక్టివ్‌గా తీసుకున్నాను. అప్పటి బ్రిటిష్ వలసల్లో వచ్చిన క్రైస్తవ ఉజ్జీవాన్ని, అంటే జనంలో ఒక్కసారిగా పెల్లుబికిన భక్తి ఊపును, ‘గ్రేట్ అవేకనింగ్’ అంటారు. 1740ల్లో ఇంగ్లాండ్ బోధకుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ ఊరూరా తిరిగి మైదానాల్లో ప్రసంగించాడు, జనం ఏడుస్తూ మారుమనస్సు పొందారు, ఆ ఊపే 1776 అమెరికా స్వాతంత్ర్య విప్లవానికి దారి వేసింది అని ముందు చెప్పారు. ఇప్పుడేమో చరిత్రకారుడు జాన్ బట్లర్ 1982లో రాసిన వ్యాసం చదవమన్నారు. తర్వాత చాలా ఏళ్లు యేల్‌లో ఇదే సబ్జెక్టు చెప్పిన ఈయన వాదన ఏంటంటే, అక్కడక్కడ, వేర్వేరు దశాబ్దాల్లో, వేర్వేరు కారణాలతో జరిగినవాటిని చరిత్రకారులు ఒక్క మూటగా కట్టేశారని. ఆ పేరు స్థిరపడింది కూడా 1842లో జోసెఫ్ ట్రేసీ పుస్తకంతోనే. నాకైతే బట్లరే కరెక్ట్ అనిపిస్తోంది.

గోదారిగట్టు:
పేరు తర్వాత పెడితే జరిగింది జరగకుండా పోతుందా? 1914లో ఎవరూ ‘మొదటి ప్రపంచ యుద్ధం’ అనలేదు కదండీ. 1740 అక్టోబరులో కనెటికట్ రైతు నేథన్ కోల్, మిడిల్‌టౌన్‌లో వైట్‌ఫీల్డ్ మాట్లాడతాడని వినగానే చేతిలో పనిముట్టు పొలంలోనే పడేసి, భార్యను గుర్రం ఎక్కించుకుని పరుగెత్తాడు. దారంతా గుర్రాల దుమ్మేనని ఆయనే రాసుకున్నాడు. పైగా 1743లోనే బోస్టన్‌లో ఒక పత్రిక పెట్టి స్కాట్లాండ్‌లోని ఉజ్జీవం కబుర్లు, న్యూ ఇంగ్లాండ్ (బోస్టన్ ఉన్న ఈశాన్య ప్రాంతం) కబుర్లు కలిపి వేశారు. అంటే అదంతా ఒకటేనని అప్పటివాళ్లే అనుకున్నారు!

లైబ్రరీపురుగు:
ఆ పత్రిక నడిపింది ఉజ్జీవాన్ని సమర్థించినవాళ్లే. అదే ఏడాది బోస్టన్ పాస్టర్ చార్ల్స్ చాన్సీ ఇదంతా పూనకమని తిడుతూ పెద్ద పుస్తకమే రాశాడు. బోస్టన్‌లో వైట్‌ఫీల్డ్ వీడ్కోలు సభకు 20,000 మంది వచ్చారంటారు, అప్పుడు ఊరి జనాభా అంత లేదు.

గోదారిగట్టు:
చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రాకూడదా ఏంటి? వైట్‌ఫీల్డ్ చెప్పిన మతాన్ని నమ్మని బెంజమిన్ ఫ్రాంక్లిన్ (అక్కడ అచ్చు వ్యాపారం చేసేవాడు) కూడా ఫిలడెల్ఫియాలో ఆ గొంతు ఎంత దూరం వినిపిస్తుందో నడిచి చూసి, 30,000 మందికి పైగా వినొచ్చని లెక్కేశాడు. ఆ ప్రసంగాలు అచ్చేసి డబ్బూ సంపాదించాడనుకోండి, అది వేరే సంగతి.

ఒంగోలుబుల్లోడు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జులై 3న మా గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అమెరికాలో దాన్ని గొప్ప ఉజ్జీవంగా చెప్పుకున్నారు. కాదంటే కరువు వల్ల అంటారు. రెండు మాటల్లోనూ యెర్రగుంట్ల పేరయ్య కనిపించడు. 1866లో బాప్తిస్మం తీసుకున్న ఆయన అప్పటినుంచీ మాదిగ పల్లెల్లో చుట్టాలు, తెలిసినవాళ్ల ద్వారా మాట పాకించాడు. పెద్ద పేరు పెట్టగానే ఇలాంటి మనుషులు మాయమైపోతారు. ఆ మేరకు బట్లర్ మాటలో పస ఉంది.

గోదారిగట్టు:
ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ కరువును పూర్తిగా పక్కన పెట్టలేం, క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు.

ఒంగోలుబుల్లోడు:
ఇప్పించాడు, నిజమే. కానీ తిండి కోసం వచ్చారంటారనే ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా.

న్యూజెర్సీమావయ్య:
విప్లవం సంగతి ఎవరూ ముట్టుకోలేదే! నేరుగా 1740 నుంచి 1776కి గీత గీయడం తప్పు, అక్కడ బట్లర్‌దే పైచేయి. కానీ వర్జీనియాలో 1768 నుంచి, ఈ ఉజ్జీవపు ఊపులో పెరిగిన బాప్టిస్టు బోధకుల్ని జైల్లో వేశారు. 1774లో జేమ్స్ మాడిసన్ (తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు) అది చూసి మండిపడుతూ స్నేహితుడికి ఉత్తరం రాశాడు, 1786లో వర్జీనియా మత స్వేచ్ఛ చట్టం నెగ్గించిందీ ఆయనే. తమ్ముడూ, పేపర్ రాసేటప్పుడు బోస్టన్ వదిలేసి వర్జీనియా పట్టుకో.