కన్సోల్ పోటీలో గెలిపించేది యంత్రం బలమా, ఇంకేదైనానా?

పాత కాట్రిడ్జ్:
కొత్త తరం కన్సోల్ వచ్చిన ప్రతిసారీ ఇక్కడ టెరాఫ్లాప్స్ (యంత్రం సెకనుకు ఎన్ని లక్షల కోట్ల గణనలు చేయగలదన్న కొలత) లెక్కలతోనే వాదన మొదలవుతోంది. ఇన్నేళ్ల అమ్మకాలు చూస్తే ఆ లెక్క నిలిచిన సందర్భాలు తక్కువ. నింటెండో 64 ప్రాసెసర్ సోనీ మొదటి ప్లేస్టేషన్‌దాని కంటే చాలా గట్టిది. అయినా అది అమ్ముడైంది 3.29 కోట్లు, ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది. మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్, నింటెండో గేమ్‌క్యూబ్ రెండూ గ్రాఫిక్స్‌లో పీఎస్2 (ప్లేస్టేషన్ 2)ను మించినవే. ఆ రెంటి అమ్మకాలు కలిపినా 5 కోట్లకు చేరలేదు, పీఎస్2 ఒక్కటే 15 కోట్లు దాటింది. 2006లో వచ్చిన నింటెండో ‘వీ’ (Wii) కన్సోల్‌కు హెచ్‌డీ కూడా లేదు, ఆ తరంలో అన్నిటికంటే బలహీనం. 10.16 కోట్లతో మొదటి స్థానం దానిదే.

నా లెక్కలో ముందు ధర, తర్వాత ఆటలు, ఆ తర్వాత ఆట తయారుచేసేవాళ్లకు ఉండే సులువు. బలం నాలుగోది. కాదనేవాళ్లు అంకెలతో రండి.

ఫ్రేమ్‌రేట్:
పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చిన 2013ను ఎలా వదిలేశారండీ? పీఎస్4లో 18 కంప్యూట్ యూనిట్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే భాగాలు), 1.84 టెరాఫ్లాప్స్. ఎక్స్‌బాక్స్ వన్‌లో 12 యూనిట్లు, 1.31 టెరాఫ్లాప్స్. మెమరీ రెండింట్లోనూ 8 జీబీయే, కానీ పీఎస్4ది వేగమైన జీడీడీఆర్5 రకం, సెకనుకు 176 జీబీ అందిస్తుంది. ఎక్స్‌బాక్స్ వన్‌ది డీడీఆర్3, 68 జీబీ. విడుదల రోజుల్లోనే కాల్ ఆఫ్ డ్యూటీ: ఘోస్ట్స్ పీఎస్4లో 1080పీ (బొమ్మలో 1080 వరసల పిక్సెళ్లు), ఎక్స్‌బాక్స్ వన్‌లో 720పీ. ఒకే ఆట, రెండు తెరలు పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా కనిపిస్తుంది. ఆ తరం సోనీదే అయింది. బలం అప్పుడు నాలుగో స్థానంలో లేదు.

కోడ్ కమ్మరి:
ఫ్రేమ్‌రేట్ గారూ, మీ అంకెలు సరైనవే. అయితే ఆ 720పీకి యూనిట్ల సంఖ్య ఒక్కటే కారణం కాదు. డీడీఆర్3 నెమ్మది కాబట్టి మైక్రోసాఫ్ట్ చిప్‌లోనే 32 ఎంబీ ఈఎస్‌ర్యామ్ (చిన్నదే, కానీ వేగమైన మెమరీ) పెట్టింది. 1080పీలో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక రెండర్ టార్గెట్‌కు (గీసే బొమ్మను ఉంచే మెమరీ స్థలం) దాదాపు 7.9 ఎంబీ పడుతుంది. డిఫర్డ్ రెండరింగ్‌లో (రంగు, ఉపరితల వివరాలు ముందు వేర్వేరుగా రాసుకుని వెలుగును తర్వాత లెక్కించే పద్ధతి) నాలుగు టార్గెట్లు పెడితే 31.6 ఎంబీ. దానికి డెప్త్ బఫర్ (ఏది ఎంత దూరంలో ఉందో రాసుకునేది) కలిపితే 39 దాటిపోతుంది, అంటే 32లో ఇమడదు. ఏది ఈఎస్‌ర్యామ్‌లో ఉండాలో, ఏది డీడీఆర్3కి వెళ్లాలో ప్రతి ఫ్రేమ్‌లో డెవలపరే చూసుకోవాలి. గడువు దగ్గరపడిన స్టూడియో ఆ పని మానేసి రిజల్యూషన్ తగ్గిస్తుంది. పీఎస్4లో మెమరీ అంతా ఒకే ముద్ద, ఈ తలనొప్పే లేదు.

సెగా సాటర్న్‌లోనూ ఇదే జరిగింది. 28.6 మెగాహెర్ట్జ్ ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు రెండు, పైగా రెండు వీడియో చిప్‌లు. రెండో ప్రాసెసర్‌కు పని పంచడం కష్టమై చాలా ఆటలు దాన్ని సరిగా వాడుకోలేదు. మిగతావాళ్లు త్రిభుజాలతో 3డీ గీస్తుంటే సాటర్న్ చతుర్భుజాలతో గీసేది. అందువల్ల వేరే యంత్రానికి చేసిన మోడళ్లను తెచ్చి పెట్టాలంటే మళ్లీ పని చేయాల్సిందే.

ఇక పీఎస్3. సెల్ చిప్‌లో ఒక ప్రధాన కోర్, ఎనిమిది ఎస్‌పీఈలు (లెక్కలకు సాయపడే చిన్న కోర్లు). చిప్ తయారీలో వృథా తగ్గడానికి ఒకదాన్ని ఆపేశారు, ఒకటి సిస్టమ్‌కు పోయింది, ఆటకు మిగిలినవి ఆరు. ఒక్కో ఎస్‌పీఈకి ఉండేది లోకల్ స్టోర్ అనే 256 కేబీ సొంత మెమరీ, అందులోనే కోడ్, అందులోనే డేటా. ప్రధాన మెమరీని అది నేరుగా చదవలేదు, డీఎంఏతో (మెమరీ నుంచి డేటాను తరలించే ఏర్పాటు) తెప్పించుకోవాలి. పైగా 512 ఎంబీ మెమరీని 256, 256గా విడగొట్టారు. ఎక్స్‌బాక్స్ 360లో అదే 512 ఎంబీ ఉమ్మడిగా ఉండేది. అందుకే ముందు 360కి రాసి తర్వాత పీఎస్3కి మార్చిన ఆటలు ఎన్నోసార్లు పీఎస్3లోనే తడబడ్డాయి. కాగితం మీద బలంగా ఉన్న యంత్రం, చేతికి అందని బలం.

డిస్క్ ట్రే:
అయినా పీఎస్3 చివరికి 8.7 కోట్లకు చేరి 360తో సమానంగా నిలిచింది, అది మరువకండి. 2006లో 499, 599 డాలర్లు పెట్టారు. ఏడాది ముందే వచ్చిన 360 అప్పటికి మార్కెట్ పట్టేసింది. 2009 సెప్టెంబర్‌లో స్లిమ్ మోడల్ 299 డాలర్లకు తెచ్చాకే పీఎస్3 లేచింది. సెల్ అదే సెల్, మారింది ధర.

360 తొందరపాటుకూ వెల ఉంది. కన్సోల్ పాడై ముందు ఎర్ర దీపాలు వెలిగే రెడ్ రింగ్ లోపానికి మూల కారణం వేడెక్కడం, చల్లబడటం పదేపదే జరిగి చిప్ కింది సోల్డర్ అతుకులు పగలడం. 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు కింద రాసుకుంది.

2013లో కూడా పీఎస్4 399 డాలర్లు, ఎక్స్‌బాక్స్ వన్ 499. ఆ అదనపు వంద కినెక్ట్ (ఆడేవాళ్ల కదలికలు గుర్తించే కెమెరా) కోసం, అది వద్దనుకునేవాళ్లకు దారి లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 24 గంటలకోసారి ఇంటర్నెట్ తనిఖీ అన్నారు, జూన్‌లో వెనక్కి తీసుకున్నారు, అప్పటికే నమ్మకం చెదిరింది. 720పీ ఆ తర్వాతి దెబ్బ.

ఫ్రేమ్‌రేట్:
ధర సంగతి ఒప్పుకుంటాను. కానీ బలానికి ఒక కనీస గీత ఉంటుంది, దాని కిందకు పోతే ఏ ధరా కాపాడదు. వీ తొలి ఏళ్లలో దూసుకుపోయింది, ఆ తర్వాత పెద్ద ఆటలు హెచ్‌డీ యంత్రాలకే వచ్చాయి, దాని ఊపు తగ్గింది. ఇప్పటి ఉదాహరణ తక్కువ ధర మోడల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్. 10 జీబీ మెమరీ, అందులో వేగమైనది 8 జీబీయే. బాల్డర్స్ గేట్ 3 ఆట పీఎస్5కి 2023 సెప్టెంబర్‌లో వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కు డిసెంబర్‌లో. అదీ సిరీస్ ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ (ఒకే తెరను పంచుకుని ఇద్దరు ఆడే సౌకర్యం) తీసేశాక.

పాత కాట్రిడ్జ్:
అదే తరంలో ఎక్స్‌బాక్స్ పెద్ద మోడల్ సిరీస్ ఎక్స్ 12 టెరాఫ్లాప్స్, పీఎస్5 10.28. అయినా పీఎస్5 అమ్మకాల్లో చాలా ముందుంది. బలమైనది ఓడిన వరుసలో ఇదీ చేరింది.

సేవ్ ఫైల్:
దానికి కారణం పీఎస్5 వచ్చిన 2020లో లేదు, 2013లో ఉంది. ఆటలను డిజిటల్‌గా కొనడం జనానికి అలవాటైంది పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ కాలంలోనే. ఓడిపోకూడని తరంలో ఓడిపోయామని అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ కూడా 2023లో ఒప్పుకున్నారు. పీఎస్4లో కొన్న ఆటల్లో దాదాపు అన్నీ పీఎస్5లో ఆడతాయి. అవతలికి మారితే ఆ కొనుగోళ్లు, ట్రోఫీలు, స్నేహితుల జాబితా అన్నీ వదులుకోవాలి. పాత డిస్కులైతే అమ్ముకునేవాళ్లు, డిజిటల్ ఆటను అమ్మలేరు.

అందుకే కాల్ ఆఫ్ డ్యూటీ కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లకు కొన్నా కన్సోల్ లెక్క తారుమారు కాలేదు. 2024లో మైక్రోసాఫ్ట్ సీ ఆఫ్ థీవ్స్, హై-ఫై రష్ లాంటి తన ఆటలను పీఎస్5కి కూడా ఇచ్చింది. ధర, ఆటలు, సులువు అంటూ మూడు చెప్పారు, నేనైతే పాత కొనుగోళ్లను అన్నిటికంటే ముందు పెడతాను.

డిస్క్ ట్రే:
మరి వీ తర్వాత నింటెండో తెచ్చిన వీ యూ (Wii U)? వీ ఆటలు దాదాపు అన్నీ ఆడేది, అయినా 1.36 కోట్ల దగ్గరే ఆగింది. కొత్త కన్సోలా, వీకి తగిలించే టాబ్లెటా అన్నది కూడా చాలామందికి తెలియలేదు.

సేవ్ ఫైల్:
వీ ఆటలు ఎక్కువగా డిస్కులే, ఖాతాకు ముడిపడ్డవి తక్కువ. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2ను చూడండి. విడుదలప్పుడు 449.99 డాలర్లు, నింటెండో కన్సోల్‌కు ఎక్కువే. అయినా పాత స్విచ్ ఆటలు, ఖాతా అలాగే వస్తాయి కాబట్టి నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడుపోయాయి.

కోడ్ కమ్మరి:
స్విచ్ 2లో చూడాల్సింది గేమ్-కీ కార్డులు. కార్డులో తాళంచెవి మాత్రమే ఉంటుంది, ఆట మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. కార్డు ఖర్చు ఒక కారణం, లోపలి స్టోరేజీ కంటే కార్డు నుంచి చదివే వేగం తక్కువ కావడం ఇంకో కారణం. లోపలున్నది 256 జీబీ. పెంచుకోవాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి, పాత మైక్రోఎస్‌డీలో ఆటలు నడవవు. కొనేవాళ్లు కన్సోల్ ధరకు ఆ కార్డు ధర కూడా కలిపి చూసుకోవాలి.