లైనస్ పాలింగ్‌కు వైద్యలోకం అన్యాయం చేసిందా?

కుతూహలి:
రసాయనశాస్త్రంలో 1954లోనూ, శాంతికి 1962 సంవత్సరానికిగానూ నోబెల్ బహుమతులు పొంది, ఆ రెండింటినీ ఎవరితోనూ పంచుకోని లైనస్ పాలింగ్, జీవితంలోని చివరి పాతికేళ్లకు పైగా విటమిన్ సి ప్రచారానికే ధారపోశారు. రోజుకు కొన్ని గ్రాముల చొప్పున తీసుకుంటే జలుబు దరిచేరదని 1970లో పుస్తకం రాశారు. ఆ తర్వాత క్యాన్సర్ రోగుల ఆయుష్షు కూడా పెరుగుతుందన్నారు. తాను రోజుకు 18 గ్రాముల దాకా వాడారు. ప్రధాన స్రవంతి వైద్యం ఈ వాదాలను తోసిపుచ్చింది. అది న్యాయమైన తీర్పా, లేక వైద్యపట్టా లేని రసాయనశాస్త్రవేత్త పట్ల చూపిన చిన్నచూపా? ఆధారాలతో చర్చించమని కోరుతున్నాను.

వాదప్రియ:
నా దృష్టిలో అది చిన్నచూపే. సికిల్‌సెల్ రక్తహీనతకు మూలం హిమోగ్లోబిన్ అణువులోని తేడాయేనని 1949లో చూపి, ఒక జబ్బును అణువు స్థాయిలో వివరించిన మనిషికి వైద్యం తెలియదనడం విడ్డూరం. ఆయన తర్కం కూడా గాలిలోంచి పుట్టలేదు. మేక వంటి జంతువులు తమ శరీరంలోనే విటమిన్ సి తయారుచేసుకుంటాయి, అదీ రోజుకు గ్రాముల లెక్కన. మనిషి ఆ ఎంజైమును పరిణామక్రమంలో పోగొట్టుకున్నాడు. అలాంటప్పుడు రోజుకు 90 మిల్లీగ్రాములు చాలునన్న సిఫార్సు, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా కాపాడవచ్చు గాని, సంపూర్ణ ఆరోగ్యానికి అదే కొలమానమని ఎవరు తేల్చారు? కడుపు పుండ్లకు బ్యాక్టీరియా కారణమన్న బ్యారీ మార్షల్‌ను కూడా మొదట ఎవరూ నమ్మలేదు. ఆయన 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి చూపాల్సివచ్చింది. 2005లో నోబెల్ ఇచ్చారు.

గణాంక విద్యార్థి:
వాదప్రియ గారూ, మార్షల్ ఉదాహరణ మీ వాదానికి ఎదురు తిరుగుతుంది. ఆయన మాటను ఇతరులు తమ రోగుల మీద పరీక్షించి చూస్తే ఫలితం మళ్లీ మళ్లీ అదే వచ్చింది కనుక, పదేళ్లు తిరిగేసరికి చికిత్సా విధానమే మారిపోయింది. పాలింగ్ విషయంలో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

అసలు చిక్కు 1976 నాటి అధ్యయనంలో ఉంది. స్కాట్లండ్ సర్జన్ ఈవాన్ కామెరాన్‌తో కలిసి పాలింగ్ ప్రచురించిన ఆ పత్రంలో, చికిత్సకు లొంగని దశకు చేరిన 100 మంది క్యాన్సర్ రోగులకు రోజుకు సుమారు 10 గ్రాముల విటమిన్ సి ఇచ్చి, అదే ఆసుపత్రి పాత రికార్డుల్లోంచి ఎంచిన 1,000 మందితో పోల్చారు. విటమిన్ తీసుకున్నవారు సగటున 210 రోజులకు పైగా, తీసుకోనివారు 50 రోజులు బతికారని తేల్చారు. చదివినప్పుడు నేనూ అబ్బురపడ్డాను. అయితే ఆ రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది? ఇక చేసేదేమీ లేదని డాక్టరు నిర్ణయించిన రోజు నుంచి. విటమిన్ ఇవ్వాలని ఆత్రపడే డాక్టరు ఆ నిర్ణయాన్ని రోగి ఇంకా లేచి తిరుగుతున్నప్పుడే తీసుకోవచ్చు. పాత రికార్డుల్లోని డాక్టరుకు ఆ తొందర లేదు గనుక, మరణానికి కొద్ది రోజుల ముందు తీసుకొని ఉండవచ్చు. అప్పుడు మందు ఏ పనీ చేయకపోయినా మొదటి గుంపు ఎక్కువకాలం బతికినట్టే కనబడుతుంది. వయసు, లింగం, క్యాన్సర్ వచ్చిన అవయవం సరిపోల్చి ఎంచినంత మాత్రాన ఈ తేడా పోదు. ఎవరికి విటమిన్, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించి, ఆ సంగతి డాక్టరుకు కూడా తెలియకుండా ఉంచితేనే పోతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ అనే పెద్ద వైద్యసంస్థ ఆ పని రెండుసార్లు చేసి, 1979లోనూ 1985లోనూ ఫలితాలు ప్రచురించింది. రెండుసార్లూ విటమిన్ సి వల్ల ఆయుష్షు పెరగలేదు.

వాదప్రియ:
కంట్రోల్ గ్రూపు, అంటే పోలికకు ఎంచిన గుంపు గురించి మీరు చెప్పినదాన్ని అంగీకరిస్తున్నాను. కానీ మేయో వారి పరీక్షను పాలింగ్ పద్ధతికి పరీక్ష అనలేము. మొదటిదానిలో చాలామంది అప్పటికే కీమోథెరపీ తీసుకున్నవారు. రెండోదానిలో కణితి పెరగగానే విటమిన్ ఆపేశారు. పైగా రెండింటిలోనూ నోటి ద్వారానే ఇచ్చారు. కామెరాన్ మొదట్లో నరానికి ఎక్కించేవారు. నోటితో ఎంత మింగినా రక్తంలో ఒక మట్టానికి మించి పెరగదనీ, నరానికి ఎక్కిస్తే దానికి ఎన్నో రెట్లు చేరుతుందనీ తర్వాతి కాలంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులే నిరూపించారు. 2024లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో, ముదిరిన క్లోమ క్యాన్సర్ రోగులకు కీమోథెరపీతో పాటు నరం ద్వారా విటమిన్ సి ఇస్తే మధ్యస్థ ఆయుష్షు 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది.

గణాంక విద్యార్థి:
ఆ పరీక్షలో ఉన్నవారు 34 మంది. దాన్ని కొట్టిపారేయను, పెద్ద పరీక్ష జరగాలనే కోరతాను. అయితే పెద్దపేగు క్యాన్సర్ రోగులు 442 మందితో ఇదే పద్ధతిలో జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, మొత్తం మీద వ్యాధి ముదరకుండా ఆగిన కాలం ఏమీ పెరగలేదు. ఇంకో మాట. నోటి ద్వారా తీసుకున్నది రక్తంలో ఒక మట్టం దాటదన్న వాస్తవం, రోజూ గ్రాములకు గ్రాములు మింగమని లక్షలాది పాఠకులకు చెప్పిన పాలింగ్ సలహానే దెబ్బతీస్తుంది. గ్రాముకు మించిన మోతాదులో సగం కూడా ఒంటికి పట్టదు.

జలుబు సంగతి మరీ తేలిక. వైద్య పరీక్షల ఫలితాలన్నిటినీ కలిపి బేరీజువేసే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష 11,000 మందికి పైగా పాల్గొన్న పరీక్షలను పరిశీలించి, రోజూ విటమిన్ సి వేసుకున్నా సామాన్య జనంలో జలుబు రావడం తగ్గదనీ, వచ్చిన జలుబు పెద్దల్లో 8 శాతం త్వరగా తగ్గుతుందనీ తేల్చింది. మారథాన్ పరుగువీరుల వంటి తీవ్రశ్రమ చేసేవారిలో మాత్రం జలుబు సగానికి తగ్గింది. ఇది నిజమైన ఫలితమే. పాలింగ్ వాగ్దానం చేసింది ఇది కాదు.

ఒక వైద్యుడు:
మీ వాదోపవాదాల్లో రోగి మరుగున పడుతున్నాడు. “విటమినే కదా, ఏం చేస్తుంది” అన్న మాట నేను తరచూ వింటాను. పెద్ద మోతాదులు వాడే పురుషుల్లో కిడ్నీ రాళ్ల ముప్పు ఎక్కువని తేలింది. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌తో ఐసీయూలో ఉన్న 872 మందితో జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, మరణం గాని అవయవాలు కోలుకోకపోవడం గాని నరం ద్వారా విటమిన్ సి పొందినవారిలో 44.5 శాతం, పొందనివారిలో 38.5 శాతం. విటమిన్‌కు హాని చేసే శక్తి లేదన్న భరోసా మనం కల్పించుకున్నదే.

పాత పాఠకుడు:
పాలింగ్ స్వభావం గురించి ఒక ముక్క చెప్పాలనిపించింది. డీఎన్ఏకు మూడు పేటలని 1953లో పత్రం ప్రచురించిన ఆయన, కొద్ది వారాల్లోనే కేంబ్రిడ్జికి వెళ్లి వాట్సన్, క్రిక్‌ల రెండు పేటల నమూనా చూసి, తన పొరపాటును ఒప్పుకున్నారు. అదే మనిషి 1980లలో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త షెక్ట్‌మన్ క్వాజిక్రిస్టళ్లను (పరమాణువుల అమరికలో క్రమం ఉన్నా అది మామూలు స్ఫటికాల్లోలా పునరావృతం కాని పదార్థాలను) కనుగొన్నాడంటే, 1994లో కన్నుమూసేదాకా ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ప్రవర్తించారు. 2011లో షెక్ట్‌మన్‌కు నోబెల్ వచ్చింది. కొత్త సంగతిని అణగదొక్కే ప్రధాన స్రవంతి అని వాదప్రియ గారు దేన్ని అంటున్నారో, అక్కడ ఆ పాత్ర పోషించింది పాలింగే.

వాదప్రియ:
ఆ పోలిక నన్ను ఇరుకున పెట్టింది, కాదనను. అయినా కణితి పెరగగానే మందు ఆపేసిన పరీక్షను తుది తీర్పుగా ఇప్పటికీ ఒప్పుకోలేను.

గణాంక విద్యార్థి:
ఒప్పుకోనక్కరలేదు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎవరికి ఇస్తే ఫలించాలో, ఏ ఫలితం వస్తే మీ వాదాన్ని వదులుకుంటారో పరీక్షకు ముందే రాసిపెట్టండి. మేయో రెండో పరీక్షకు మందు ఆపడం అడ్డువచ్చిందని పాలింగ్ ఫలితాలు చూశాకే చెప్పారు.

వాదప్రియ:
నరం ద్వారా, కీమోథెరపీతో పాటు, క్లోమ క్యాన్సర్‌కు. 300 మందికి తగ్గని పరీక్షలో తేడా కనబడకపోతే వదులుకుంటాను.